ఎర్ర జోళ్ల కొలత

కాన్‌స్టాంటినోపుల్‌లో ఎర్రతోలు జోళ్లు చక్రవర్తి ఒక్కడే తొడుక్కోవాలి. వాటిని కుట్టించి ఇచ్చే హక్కు తోలు వర్తకుడు సిసినియోస్‌ది. పదేళ్ల క్రితం అప్పటి చక్రవర్తి ఆర్టెమన్‌ను గద్దె దించి, గుర్రప్పందేల మైదానంలో ముక్కు కోసినప్పుడు, ఆ కాళ్ల నుంచి జోళ్లు ఊడబెరికిందీ ఇతనే. జనం ఈలలు వేశారు. ముక్కులేనివాణ్ణి చక్రవర్తిగా ఒప్పుకునే ఆచారం లేదు కనుక, జోళ్లు కుట్టడానికి చేయించిన ఆర్టెమన్ పాదాల చెక్క అచ్చును సిసినియోస్ ఆ చలికాలమే పొయ్యిలో పెట్టేశాడు. పనికిరాని సరుకుకు అరలో చోటివ్వడం అతని పద్ధతి కాదు.

ఆ ముక్కులేనివాడే మొన్న నీటికాలువ గుండా కోటలో దూరి మళ్లీ గద్దె ఎక్కాడు. ఇవాళ కబురొచ్చింది: రేపటికి ఎర్ర జోళ్లు కావాలి.

"అచ్చేదీ?" అంది భార్య యూప్రాక్సియా.

"కాల్చేశాగా."

"మహా తెలివి! వంకరపోయిన మేకులు కూడా దాచుకుంటారే, అదొక్కటే అడ్డమొచ్చిందా? ఇప్పుడెళ్లి ఆ కాళ్లే పట్టుకోండి."

వెళ్లాడు. ముక్కు ఉండాల్సినచోట బంగారు తొడుగుతో ఆర్టెమన్ కూర్చుని ఉన్నాడు. సిసినియోస్ కొలత తాడు తీసి మోకరిల్లాడు.

"నా అచ్చు నీ దగ్గరే ఉండాలిగా?"

"పదేళ్లు తిరిగిన పాదాలు ప్రభూ, వెడల్పైపోయాయి. పాత అచ్చు సరిపోదు."

ఆర్టెమన్ నవ్వితే తొడుగు కింద ఈలలా మోగింది. "కాల్చేశావని చెప్పలేవు. ఆ రోజు ఎడమ జోడు ముందు లాగావు. మడమ తోలు లేచిపోయింది."

సిసినియోస్ తాడును ఆ ఎడమ మడమ చుట్టూ తిప్పాడు.

"రేపు మైదానంలో నన్ను దించినవాడి మెడ మీద ఎడమకాలు పెట్టి పందేలు చూస్తా. కుడికాలికి ఇంకో మెడ కావాలి. నీది సరిపోతుంది."

"పందేలయ్యాక, ప్రభూ?"

"వాడి తల తీయిస్తా. నువ్వు ఇంటికి పో. కానీ నా కాలు ఒక్కసారి జారిందో, నీ తలా అక్కడే."

ఇంటికొచ్చి సిసినియోస్ రెండు తోళ్లు బల్ల మీద పరిచాడు. అడుగుకు నున్నటి తోలు వేస్తే మెడకు సుఖం, కాలు జారుతుంది. గరుకుది వేస్తే పట్టు నిలుస్తుంది, మెడ చర్మం లేచిపోతుంది. తలతో పోలిస్తే చర్మం ఎంత! గరుకు తోలు తీసి, ఇంకాస్త రాపిడి పెట్టి మరీ కత్తిరించాడు.

"నిక్షేపంలాంటి బేరం," అంటూ యూప్రాక్సియా నూనె గిన్నె తెచ్చి, తిడుతూనే అతని మెడకు మర్దనా మొదలుపెట్టింది.