లాగులు హైదరాబాద్‌కు

మా మేనేజర్ మహిపాల్‌ది కూడా మా వరంగల్ జిల్లానే, నర్మెట్ట. కానీ నోరు తెరిస్తే సినిమా హీరో తెలుగు! నేను "గిట్ల" అంటే చాలు, పదిమందిలో ఇకిలించేవాడు.

మహబూబాబాద్‌లోని ఆ విత్తనాల కంపెనీలో కంప్యూటర్ల నెట్‌వర్క్ చూసేది నేనే. తీగలన్నీ వచ్చి చేరే పెట్టెను స్విచ్ అంటాం. ఎవరు ఏ లైను ఆపారో అది గుర్తుపెట్టుకుంటుంది, కరెంటు తీస్తే మరిచిపోతుంది. అందుకే ఆ గుర్తులు ఎప్పటికప్పుడు హైదరాబాద్ హెడ్డాఫీసు సర్వర్‌కు పోయేలా ఆ రోజు అమరుస్తున్నాను. వాటినే లాగ్‌లు అంటారు.

"ఏం చేస్తున్నావు రాజీ?" అన్నాడు మహిపాల్.

"లాగ్‌లు హైదరాబాద్‌కు పంపుతున్న సార్."

"లాగులా? ఉతకడానికా? మీ తండాలో నీళ్లు లేవా?"

ఆఫీసంతా నవ్వింది. నా ఒళ్లు మండిపోయింది.

సకల జనుల సమ్మె వచ్చింది. మా తమ్ముడు టీక్యా మా కంపెనీలోనే ఎలక్ట్రీషియన్. పని మానేసి, గేటు ముందు గొంతు పోయేలా జై తెలంగాణ అనేవాడు. అది మహిపాల్‌కు కంటగింపుగా ఉండేది. ఒకరోజు బిల్లింగ్ కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి. వెళ్లి చూస్తే స్విచ్ ప్లగ్ పీకేసి ఉంది. మహిపాల్ అప్పటికే పోలీసులను పిలిచి, టీక్యాగాడే పీకాడని చెప్పేశాడు.

"అక్కా, నేను ముట్టలే!" అంటుండగానే వాణ్ణి జీపెక్కించారు. కేసు పడితే వాడి బతుకు బుగ్గే.

నేను ఏడవలేదు. ఆ ఏడుపు మహిపాల్ కోసం దాచిపెట్టాను. హైదరాబాద్‌లో సర్వర్ చూసే ఆమెర్‌కు ఫోన్ చేశాను.

"ఆమెర్ భాయ్, మా స్విచ్ లాగ్‌లు జర తియ్యి."

"ప్లగ్ పీకకముందే ఎవరో లైన్లు బంద్ చేసిండ్రు రాజీ. లాగిన్ మహిపాల్‌ది. ఆయన కంప్యూటర్‌కెల్లే బంద్ అయినయి."

"ఓనర్‌కు పంపు. పోలీస్ టేషన్‌కు గూడ పంపు. ఒక్కటి గూడ ఇడువకు!"

తర్వాత మహిపాల్ గదిలోకి పోయి, అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఓనర్ ఫోన్ వచ్చింది. వింటూ వింటూ వాడి మొహం పాలిపోయింది. ఫోన్ పెట్టేసరికి హీరో తెలుగు ఏమైందో ఏమో!

"రాజక్కా, స్విచ్చు అంత మర్శిపోవాల్నని ప్లగ్గు నేనే పీకిన గదా! గా లాగ్‌లు యాడికెల్లి వచ్చినయే?"

ఆ నోట "అక్క" అన్న మాట వినడం అదే మొదలు. నా కడుపు చల్లబడింది.

"లెవ్వు. టేషన్‌కు పోయి నీ నోటితోనే చెప్పి మా తమ్మున్ని ఇడిపియ్యి."

"ఇడిపిస్త అక్కా. గవి జర వాపస్ తెప్పియ్యవా? నీ కాల్మొక్త!"

"ఎట్ల తెప్పియ్యాలె సార్? మీ లాగు హైదరాబాద్‌ల ఉన్నది. ఉతికి ఆరేస్తున్నరు."