తువాల కింది చెయ్యి

మార్కులొక్కటే చాలవట! బడి కాక ఇంకేం చేస్తావని పట్నం కాలేజీలో అడుగుతారట. వనపర్తి బడిలో మా పెద్దసారు ఈ మాట చెప్పిన రోజు నాకు ఒళ్లు మండింది. పొద్దున లేస్తే పశువులు, తర్వాత బడి, సాయంత్రం మళ్లీ పశువులు. ఇంకేం చేస్తాం, నా తలకాయ! కానీ నిజాం రోజుల్లో పట్నం చదువంటే మాటలు కాదు. సీటు రావాలి, ఫీజులో తగ్గింపూ రావాలి. లేకపోతే పెద్దమందడిలో నాకు నాగలి ఖాయం.

డ్రిల్లు మాస్టరు ఆశీర్వాదం సారు హాకీ ఆడమన్నాడు. ఆ వంకర కర్రను కనిపెట్టినవాడికి నా మోకాళ్ల మీద ఏం పగో! నెల తిరిగేసరికి రెండూ వాచాయి, బంతి మాత్రం కర్రకు తగల్లేదు. అయినా "హాకీ ఆడతాను సార్" అని బట్టీపట్టి, మా నాయన కురుమయ్యతో పట్నం వెళ్లాను. అడిగి తెచ్చుకున్న కోటు మీద, అమ్మ పోరు పడలేక, కొత్త తువాల వేసుకున్నాను.

నాయనా నేనూ లోపలికి వెళ్లేసరికి కాలేజీ గదిలో ప్రిన్సిపాల్ సారు ఉన్నాడు. గోడ పక్కన దొరలు తమ పిల్లల వంతు కోసం కూర్చున్నారు. సారు నవ్వుతూ నాకు చెయ్యి చాచాడు. అంతే, నా బుద్ధి గడ్డి తిన్నది! చటుక్కున తువాల తీసి ఆ చేతి మీద కప్పి, లోపల ఆయన వేళ్లు పట్టుకున్నాను.

గదంతా గొల్లున నవ్వింది. "గిదేం పనిరా, నీ పాడుగాను!" అన్నాడు నాయన.

"ఏం చేస్తున్నావోయ్?" అన్నాడు సారు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

హాకీ గీకీ అన్నీ మరిచిపోయాను. "తప్పయింది సార్. పెబ్బేరు సంతల ఎద్దుల బేరం గిట్లనే చేస్తరు, పట్టుకున్న వేళ్ల లెక్కే ధర. మా నాయిన ఊరోళ్లకు నడుమ మనిషి, నేను గూడ ఎంబడి పోత. మీరు చెయ్యిస్తే అలవాటుల తువాల కప్పిన."

"ధర నోటితో చెప్తే ఏం పోయింది?"

"అమ్మేటోడు ఏం తిప్పలల ఉండి ఎంతకు ఒప్పుకున్నడో నలుగురికి ఎందుకు సార్? వేళ్లు పట్టుకొని చెప్పుకుంటే ఇద్దరికే ఎరుక. ఎద్దు పోయినా ఇజ్జత్ మిగుల్తది."

నవ్వులు ఆగాయి. "సీటు నీదే" అన్నాడు సారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆయన నాయన వైపు తిరిగి, "ఫీజు ఎంతవరకు కట్టగలవు పెద్దాయనా?" అని అడిగాడు.

దొరలంతా చెవులు రిక్కించారు. నాయన తల వాలిపోయింది.

సారుకు వెంటనే అర్థమైంది. తువాల తన చేతి మీద కప్పుకుని నాయన ముందు పెట్టాడు. "మొత్తం ఫీజు ఐదు వేళ్లనుకో. చెప్పు."

నాయన చెయ్యి తువాల కిందికి వెళ్లింది.

"ఖాయం" అన్నాడు సారు.

బయటికొచ్చాక ఆగలేక అడిగాను. "ఎన్ని వేళ్లు పట్టుకున్నవ్ నాయినా?"

"బేరం బయట చెప్తరారా, పిచ్చోడా?" అని నవ్వాడు.

ఆయన పోయేదాకా చెప్పలేదు, నేనూ మళ్లీ అడగలేదు. ఆ రోజు ఆ దొరల ముందు నుంచి మా నాయన తలెత్తుకుని నడిచాడు. నాకు ఆ సంతోషం చాలు.