నెమలి డైరెక్టర్ చివరి చూపు

మా తమ్ముడు పోయాడని టీవీలో చెప్పిన కాసేపటికే ఎదురింటావిడ తలుపు కొట్టింది. చీర మార్చుకుని, మొహానికి పౌడరు రాసుకుని వచ్చింది. నన్ను పట్టుకుని ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆవిడ ఏడవలేదు.

"పెద్దమ్మగారూ, మీరు వెళ్తారుగా? మమ్మల్నీ లోపలికి తీసుకెళ్ళండి. హీరోలందరూ వస్తారట. ఫోటోలు దిగాలని మా పిల్లలు ఒకటే గోల."

"ఇది పెళ్ళి కాదండీ," అంది మా అమ్మాయి వంటింట్లోంచి.

"అయ్యో, ఇప్పుడు నేనేమన్నానని! గొప్పాయన కాబట్టేగా చూస్తామంటున్నాం," అంటూ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

గొప్పవాడో కాదో నాకు తెలియదు. లోకం వాణ్ణి నెమలి డైరెక్టర్ అనేది. మండుటెండలో కూడా నీలంగా, ఆకుపచ్చగా మెరిసే పొడవాటి కోటు వేసేవాడు. మొహంలో సగాన్ని మింగేసే నల్ల కళ్ళద్దాలు పెట్టేవాడు. మంచివాడని మాత్రం నేననను. సెట్లో అందరి ముందూ లైట్‌మన్‌ని చెంపదెబ్బ కొట్టాడని పేపర్లో పడితే, గిట్టనివాళ్ళు రాయించారన్నాడు. నేను పేపర్నే నమ్మాను.

అయినా వాడి మొహం చూడాలి. కోటూ కళ్ళద్దాలూ కాదు, మొహం. మా అమ్మ పోయినప్పుడు నేను రైల్లో ఉన్నాను. మా ఆయన్ని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళినప్పుడు మందుల షాపు ముందు నిలబడి ఉన్నాను. తిరిగొచ్చేసరికి గుడ్డ కప్పేశారు. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా చెప్పులేసుకుంటే ఏదో ఒక పని అడ్డం పెట్టి కాసేపు ఆపుతాను. వీడు మా ఇంటికొచ్చినా ఆ అద్దాలు తీసేవాడు కాదు. "తియ్యరా, నీ కళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో" అంటే, "టికెట్ కొనవే అక్కా" అనేవాడు. వెళ్ళేటప్పుడు చెప్పకుండా వెళ్ళేవాడు. ఈ ఒక్కణ్ణయినా కళ్ళారా చూసి సాగనంపాలనుకున్నాను. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

మా అమ్మాయి తన జిరాక్స్ షాపు మూసేసి నాతో వచ్చింది.

స్టూడియో గేటు నుంచి వీధి చివరిదాకా లైను. మా ముందు ఇద్దరు మగవాళ్ళు నిలబడ్డారు, ఒకడు పొట్టి, ఒకడు పొడుగు.

"మూడు పెళ్ళిళ్ళు, ముప్పై ఫ్లాపులు. అయినా ఏం బతికాడ్రా బాబూ!" అన్నాడు పొట్టివాడు.

"పోయినవాణ్ణి అలా అనకూడదురా."

"ఉన్నప్పుడూ అన్నాంగా. ఇప్పుడు మానేస్తే ఆయనే బాధపడతాడు."

ఇద్దరూ కిసుక్కున నవ్వారు. మా వెనకాల ఒకావిడ, ఆ కోటు వేలం వేస్తారా లేక ఆయనతోనే కాల్చేస్తారా అని ఎవరినో ఫోన్లో ఆరా తీస్తోంది. "పీడ విరగడైంది" అంటూ ఒకాయన గోడవార ఉమ్మాడు. ఉమ్మి, తన చోటు పోకుండా గబగబా లైన్లోకి వచ్చి నిలబడ్డాడు. తిట్టడానికైనా, ఏడవడానికైనా అందరికీ లోపలికి వెళ్ళి చూడాలనే ఉంది.

షూటింగ్ ఫ్లోరు మధ్యలో ఎత్తు మీద గాజు పెట్టె, చుట్టూ పెద్ద పెద్ద లైట్లు. పెట్టె దగ్గరికి రాగానే పొట్టివాడు భోరుమని గుండెలు బాదుకున్నాడు. పొడుగువాడు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. పక్కకు జరగగానే పొట్టివాడు ఏడుపు ఆపి, "వచ్చిందా?" అన్నాడు.

"నీ తల సగమే వచ్చిందిరా."

"థూ, ఒక్క పని సరిగ్గా చేసి చావవు. పద, మళ్ళీ లైన్లో నిలబడదాం."

మైకు పట్టుకుని "కదలండి, కదలండి" అంటున్నాడు కో-డైరెక్టర్. ఏళ్ళ తరబడి మా తమ్ముడి దగ్గర పనిచేసిన మనిషే. నేనెవరో మా అమ్మాయి చెప్పింది.

"అయ్యో, అక్కగారా! ఫోన్ చేస్తే కారు పంపేవాళ్ళం కదమ్మా. రండి, ఇలా తలవైపు నిలబడండి. ఛానెల్ వాళ్ళకి మీరు బాగా కనబడాలి."

"బాబూ, ఆ కళ్ళద్దాలు ఒక్కసారి తీయించు. మొహం చూసుకుంటాను."

"అమ్మా, అది సార్ గెటప్. తీస్తే ఈయనెవరని అడుగుతారు జనం."

అంతలో పెద్ద హీరో వచ్చాడని కేకలు. పూలు పెట్టడానికి గాజు మూత ఎత్తారు. అందరూ హీరోని చూస్తున్నారు. నేను చెయ్యి చాపి కళ్ళద్దాలు లాగేశాను.

కింద కళ్ళు లేవు. గుంటలు కూడా లేవు. నుదుటి నుంచి బుగ్గలదాకా ఒకటే నున్నటి తోలు. వేలికి స్పాంజిలా మెత్తగా తగిలింది. రబ్బరు వాసన, రంగు వాసన గుప్పుమన్నాయి.

కెవ్వుమన్నాను. జనం అది దుఃఖమనుకున్నారు. "అక్కంట, పాపం" అన్నారు. కెమెరాలన్నీ నావైపు తిరిగాయి. హీరో నా భుజం మీద చెయ్యి వేసి, తన మొహాన్ని వెలుతురులోకి తిప్పుకున్నాడు. కో-డైరెక్టర్ నా చేతిలోంచి అద్దాలు లాక్కుని దానికి తగిలించేసి, మమ్మల్ని తెర వెనక్కి నడిపించాడు.

"ఎవరండీ అది? మా మావయ్య ఏడీ?" అని మా అమ్మాయి నిలదీసింది.

"నెమ్మదిగా అమ్మా, మీకు దణ్ణం పెడతాను. అది డమ్మీ. కొత్త సినిమాలో సారే వేషం వేశారు, మేడ మీంచి పడే సీనుంది, దానికి చేయించాం. ఎలాగూ అద్దాలుంటాయని కళ్ళు పెట్టలేదు. హీరోగారు వచ్చేదాకా ఉంచాలన్నారు, ఈ లైట్ల వేడికి బాడీ ఆగదన్నారు డాక్టర్లు. ఏం చెయ్యమంటారు? సార్ ఉన్నా ఇదే చేసేవారు."

చేసేవాడే. అదే నాకు మరీ రోత పుట్టించింది.

మేకప్ గదిలో, అద్దాల ముందున్న పొడవాటి బల్ల మీద మా తమ్ముడున్నాడు. దగ్గర ఒక్కరంటే ఒక్కరు లేరు. అవతల రబ్బరు బొమ్మకి మోకాళ్ళెత్తు పూలు. ఇక్కడ వీడి పాదాల పక్కన ఎవరో తాగేసిన టీ కప్పులు పెట్టారు. ఒకదాంట్లో సిగరెట్ పీక తేలుతోంది. దుప్పటి మీద బిస్కెట్ పొడి.

కప్పులు తీసి కింద పెట్టాను. దుప్పటి దులిపాను. మొహం మీది గుడ్డ తొలగించాను. బట్టతల. కట్టుడు పళ్ళు తీసేశారేమో, బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, మూసే దిక్కు లేక. కుడి కన్ను అచ్చం మా నాన్నది. ఎడమ కన్ను పూర్తిగా తెల్లబడిపోయింది. ఎప్పటి నుంచో వాడికి ఆ కన్ను లేదన్నమాట. చూపు పోతోందని సినిమాలు తీసేవాడు ఎవరికి చెప్పుకుంటాడు? నాకు చెప్పుకోవచ్చు. చెప్పలేదు.

తనివితీరా చూశాను. నా వేళ్ళతోనే రెండు రెప్పలూ మూశాను.

"నువ్వెలాగూ చెప్పి వెళ్ళవు," అన్నాను. "నేనే చెప్తున్నాను. వెళ్ళిరా నాయనా."

కో-డైరెక్టర్ మళ్ళీ తొంగిచూశాడు. "అమ్మా, ఒక్క ఐదు నిమిషాలు బయటికొచ్చి కూర్చుంటారా? ఇందాకటి మీ అరుపు అద్భుతం. కానీ మైకులో సరిగా రాలేదు."

"మా అమ్మ మళ్ళీ అరిస్తే కళ్ళు లేని సంగతి కూడా కలిపి అరుస్తుంది," అంది మా అమ్మాయి. "ఇస్తారా మైకు?"

అతను గొంతు తగ్గించి అసలు విషయం చెప్పాడు. బొమ్మ ముందు గేటు నుంచి ఊరేగింపుగా వెళ్తుంది. మా తమ్ముడు వెనక గేటు నుంచి ఆసుపత్రి వ్యానులో వెళ్తాడు. దహనశాల వెనక గదిలో ఇద్దర్నీ మారుస్తారు.

"మీ వ్యానే ముందు చేరాలమ్మా. జనం ఆగరు. ఆలస్యమైతే ఆ బొమ్మనే..." అని మిగతాది మింగేశాడు.

వ్యాను రెండు వీధులు దాటి మూడో వీధి మొదట్లో ఆగిపోయింది. మేమిద్దరం వాడికి చెరోవైపు కూర్చున్నాం. చిన్న కిటికీలోంచి డ్రైవర్ తల తిప్పాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు.

"ఎవరు పెద్దమ్మా?"

"మా తమ్ముడు."

"అయ్యో. ఆయనకీ ఇవాళే దొరికిందా, పాపం! ఆ నెమలిగాడు ఊరి మీద పడ్డాడు కదా. ఉన్నన్నాళ్ళూ చెత్త సినిమాలు చూపించాడు, చచ్చాక దారి కూడా వదలడు."

మా అమ్మాయి ఏదో అనబోయింది. నేను దాని మోకాలి మీద చెయ్యి వేశాను. వ్యాను ముందు అద్దంలోంచి ఊరేగింపు లారీ కనిపిస్తోంది. పూల మధ్య గాజు పెట్టె, లోపల కోటు తళతళలు. చుట్టూ ఈలలు, ఏడుపులు, ఎత్తిన ఫోన్లు. లారీ మాకన్నా ముందుంది. అంగుళం అంగుళం ఇంకా ముందుకే పోతోంది.

"హారన్ కొట్టొచ్చుగా?" అంది మా అమ్మాయి.

"శవయాత్ర వెనకాల హారనేంటమ్మా! మర్యాద కాదు. పట్టుకుని చితక్కొడతారు."

కుదుపులకి మా తమ్ముడి తల పక్కకి వాలింది. రెండు చేతులతో సరిచేసి, అలాగే పట్టుకున్నాను.

"కొట్టు బాబూ," అన్నాను. "చెయ్యి తియ్యకుండా కొట్టు."