‘వద్దు’ బటను

లారీలు నాలుగే ఉన్నప్పుడు ఆ కంపెనీకి బాబాయి బుర్రే కంప్యూటరు. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఖాళీ, ఏ సరుకు ఎటు వెళ్ళాలి అన్నదంతా ఆయన రెండు ఫోన్లలోనూ, గోడకున్న తెల్లబోర్డు మీదా నడిచేది. లారీలు ఇరవైకి చేరేసరికి బోర్డూ చాలలేదు, బుర్రా చాలలేదు. ఒకరోజు ఒకే గోడౌనుకి రెండు లారీలు వెళ్ళి మొహమొహాలు చూసుకుంటూ నిలబడ్డాయి. ఇంకో గోడౌనువాళ్ళు రాని లారీకోసం ఎదురుచూసి ఎదురుచూసి, ఆఖరికి బాబాయికి ఫోన్ చేసి తిట్లదండకం అందుకున్నారు.

“అమ్మాయ్, ఆ సాఫ్ట్‌వేరేదో కొనిపడెయ్, నా తల బద్దలయ్యేలోపు” అన్నాడు బాబాయి.

అమ్మాయి అంటే ఆయన అన్నగారి కూతురు, కంపెనీ యజమాని. డ్రైవర్లందరూ ఆమెని అక్కా అనే పిలుస్తారు. ఆ పిలుపుకి నిజంగా హక్కున్నవాడు మాత్రం వాళ్ళలో ఒక్కడే. ఆమె సొంత తమ్ముడు, కొండదారి లారీ నడుపుతాడు. ఆమె సాఫ్ట్‌వేరు కొనాలనుకోవడానికి అసలు కారణం గోడౌనువాళ్ళ తిట్లు కావు, ఈ తమ్ముడే.

అంతకుముందు వారం మరదలు ఆఫీసుకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“వదినా, మీ తమ్ముడు మొన్న కొండ మలుపులో కునుకు తీశాడు. లారీ రాళ్ళగోడకి రాసుకుని ఆగింది కాబట్టి సరిపోయింది. రెండోవైపు లోయ. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు, ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టి వచ్చాను. ఆ దారి ఇంకెవరూ వెళ్ళరా? ఈయనకే రాసిపెట్టుందా?”

అక్క మరదలి చెయ్యి పట్టుకుంది. “సాఫ్ట్‌వేరు కొంటున్నాను. అందరికీ సమానంగా పంచుతుంది” అంది.

“ఏదొచ్చినా సరే. ఈ నెలాఖరుకి ఆయనకి కంటినిండా నిద్ర దొరక్కపోతే, లారీ తాళాలు నేనే తెచ్చి ఈ బల్లమీద పెడతాను” అని మరదలు వెళ్ళిపోయింది.

ఆ కొండదారి కథ చెప్పుకోవాలి. కొండల అవతల ఊరికి టైల్స్ ఫ్యాక్టరీ సరుకు వెళ్ళాలి. కంపెనీకి సగం అన్నం పెట్టేది ఆ ఫ్యాక్టరీయే. లోడింగు ఎప్పుడవుతుందో వాళ్ళకే తెలియదు. ఎక్కాక మలుపులు, దిగాక గుంతలు. మొదట్లో బాబాయి వరసగా అందరినీ అడిగేవాడు. మీసాలాయన మోకాలి నొప్పి పురాణం విప్పేవాడు. బక్కోడికి సరిగ్గా ఆ రోజే అత్తగారికి ఒంట్లో బాగుండేది కాదు. ఆ అత్తగారు ఎన్నిసార్లు మంచం పట్టిందో లెక్క తీస్తే ఆవిడ ఈపాటికి బతికుండకూడదు. చివరికి తమ్ముడికి ఫోన్ చేస్తే, మాట పూర్తి కాకముందే “సరే బాబాయ్” అనేవాడు. పోనుపోను బాబాయి మిగతావాళ్ళని అడగడమే మానేశాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? పైగా ఇంటివాడు. ఇంటివాడి దగ్గర మొహమాటమేముంది!

సాఫ్ట్‌వేరు అమ్మేవాళ్ళు ఇద్దరొచ్చారు. మొదటివాడు టై కట్టుకున్న కుర్రాడు. మాటలు కోటలు దాటాయి.

“మా దాంట్లో అసలు బేరాలే ఉండవు మేడమ్. సరుకు రాగానే ఏ లారీ దగ్గరుంటే దానికి పడిపోతుంది. డ్రైవరు నోరెత్తే పనే లేదు.”

అక్కకి తెగ నచ్చింది. మిషనుకి మోకాళ్ళ మీద జాలి ఉండదు, అత్తగార్ల మీద గౌరవం ఉండదు. నాలుగు రోజులు నడిపి చూద్దామంది. నాలుగు రోజుల్లోనూ కొండదారి సరుకు తమ్ముడికే పడింది. మిషను చెడిపోయిందేమోనని బాబాయి దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. అది మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. తమ్ముడి ఇల్లు ఆఫీసు వెనకే. లారీ పెట్టేది ఆఫీసు గోడకే. ఆ ఫ్యాక్టరీకి అందరికన్నా దగ్గరున్నవాడు అతనే. పెళ్ళయ్యాక వేరే ఇల్లు తీసుకుంటానంటే “ఎందుకురా, పక్కనే ఉండు” అని అక్కడ ఉంచింది అక్కే.

రెండో కంపెనీ తరఫున ఒక పెద్దావిడ వచ్చింది. టై లేదు, ధర మాత్రం ఎక్కువ. ఆవిడ సాఫ్ట్‌వేరులో సరుకు వరసలో ఉన్న డ్రైవరు ఫోనుకి వెళ్తుంది. అందులో రెండు బటన్లు, ‘సరే’, ‘వద్దు’. వద్దంటే తర్వాతివాడికి పోతుంది. అందరూ వద్దంటే తిరిగి ఆఫీసు తెరమీదికి వస్తుంది.

“డ్రైవరు వద్దనడమా? ఆ బటను తీసేసి ఇవ్వండి, ధర తగ్గించి” అని బాబాయి నవ్వాడు.

“తియ్యడం కుదరదండీ” అంది ఆవిడ. ఆవిడ నవ్వలేదు.

దాన్నీ కొన్నాళ్ళు నడిపి చూద్దామంది అక్క. బటను చేతికొచ్చిన మొదటిరోజు డ్రైవర్లకి కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది. మీసాలాయన పక్కవీధి సరుక్కి కూడా వద్దు కొట్టాడు, అది ఎలా ఉంటుందో చూద్దామని. బాబాయి తలప్రాణం తోకకొచ్చింది. రెండు మూడు రోజులకి సరదా తీరి, ఎవరి పని వాళ్ళు చేసుకోసాగారు. కొండదారి సరుకు మాత్రం అందరి ఫోన్లూ తిరిగి తమ్ముడి దగ్గర ఆగేది. అతను సరే నొక్కేవాడు.

అక్క అతన్ని పిలిపించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుర్చీలో కూర్చోగానే తల గోడకి ఆన్చాడు.

“వద్దు అని ఎందుకు నొక్కవురా? నీకోసమే కదా ఇదంతా!”

“నేను కూడా వద్దంటే అది ఎక్కడికి పోతుందక్కా? నీ దగ్గరికేగా.”

“రానీ. నేను చూసుకుంటాను. ఈసారి వస్తే నొక్కు.”

తమ్ముడు తల ఊపాడు. చిన్నప్పుడు చీవాట్లు పెట్టినప్పుడు ఊపినట్టే ఊపాడు. ఆ ఊపుకి అర్థం ఏదైనా కావచ్చు.

మర్నాడు సాయంత్రం ఫ్యాక్టరీ సరుకొచ్చింది. తెల్లారేసరికి బయల్దేరాలి. అక్కా బాబాయీ తెరముందు కూర్చుని చూస్తున్నారు. మీసాలాయన వద్దు. బక్కోడు వద్దు. ఒకరి తర్వాత ఒకరు వద్దు. ఆఖరున తమ్ముడి పేరు వెలిగింది. కిటికీలోంచి అతను కనిపిస్తూనే ఉన్నాడు. లారీ అద్దం తుడుస్తున్నవాడు గుడ్డ భుజాన వేసుకుని ఫోను తీశాడు. దానికేసి చాలాసేపు చూశాడు. తర్వాత కిటికీకేసి చూశాడు. అక్క కళ్ళు తిప్పుకోలేదు.

సరుకు తెరమీదికి తిరిగొచ్చింది.

ఆమె కోరుకున్నది అదే. అయినా వచ్చేసరికి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“ఇప్పుడెలా అమ్మాయ్? ఆ ఫ్యాక్టరీకి మనం ఏనాడూ లేదనలేదు” అన్నాడు బాబాయి.

ఆమె చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది. నొక్కింది ఎవరి పేరో నొక్కాక గాని చూసుకోలేదు. తమ్ముడి పేరు. బయట అతని ఫోను మోగింది. ఇలా ఎన్నిసార్లు చేసిందో! బాబాయి అడిగితే ఒక్క సరే. తిరిగొచ్చాక మళ్ళీ సరుకొస్తే తను ఫోన్ చేసి “నువ్వు కాబట్టి అడుగుతున్నానురా” అంటే, ఒళ్ళు ఎలా ఉన్నా ఇంకో సరే. ఇన్నాళ్ళూ బాబాయిని, మీసాలాయనని, బక్కోడి అత్తగారిని తిట్టుకుంది. తమ్ముణ్ణి ఆ మలుపు దాకా తోసింది తనే. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. అతను ఎత్తకముందే కట్ చేసి, ఫ్యాక్టరీ మేనేజరుకి ఫోన్ చేసింది.

“సార్, రేపటికి లారీ లేదు. ఎల్లుండి పంపగలను.”

“లేదా? మీకు ఇరవై లారీలున్నాయిగా అమ్మా?”

“లారీలున్నాయి సార్. నడిపేవాళ్ళకి రెస్టు కావాలి.”

“అయితే రేపటికి వేరేవాళ్ళని పెట్టుకుంటాను. ఆ తర్వాత సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను” అని ఆయన పెట్టేశాడు.

అక్క బాబాయి వైపు తిరిగింది. “ఆ పెద్దావిడకి ఫోన్ చెయ్యి బాబాయ్. ఇదే తీసుకుంటున్నాం. కొండదారికి ఇంకో ఇద్దరు డ్రైవర్లని వెతకాలి, జీతం పెంచయినా సరే” అంది.

తమ్ముడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోను, భుజాన గుడ్డ.

“ఫోన్ చేశావా అక్కా? వెళ్ళమంటే వెళ్తాను. ఏదో నువ్వన్నావని నొక్కాను గానీ...”

“వద్దు. ఇంటికెళ్ళి పడుకో.”

“మరి సరుకు ఎవరు తీసుకెళ్తున్నారు?”

“ఎవరూ తీసుకెళ్ళట్లేదు.”

అతనికి అర్థం కాలేదు. ఆమెకేసి, బాబాయికేసి, తెరకేసి చూశాడు.

“అలా కూడా చెయ్యొచ్చా అక్కా?”

“చెయ్యొచ్చట. నాకూ ఇవాళే తెలిసిందిరా.”