బుట్టలో చెప్పులు

వియత్నాంలో ఆ పడక బస్సెక్కినప్పటినుంచీ చిజురుకి ఒళ్ళంతా కంపరంగానే ఉంది. ఎక్కేటప్పుడే బూట్లు విప్పించారు. అది మంచిదే, జపాన్‌లో వాళ్ళింట్లోనూ అంతే. కానీ వెనక బెర్తులోని ముసలాయన పాదం ఎండుచేపల కంపుతో ఆమె దిండు పక్కకే వచ్చి పడింది. ఎంత తోసినా మళ్ళీ అక్కడికే వస్తుంది.

భోజనాలకి బస్సు ఆగింది. కండక్టరు థామ్ మెట్ల కింద బుట్టెడు ప్లాస్టిక్ చెప్పులు గుమ్మరించింది. అందరూ చేతికందినవి తొడుక్కుని దిగారు. తన జత ఎవరి చెమటతోనో జిగటగా ఉంటే, చిజురు వేళ్ళు ముడుచుకుని నడిచింది.

మరుగుదొడ్డి గుమ్మంలో అలవాటు కొద్దీ వాటిని విప్పేసింది. వాళ్ళ దేశంలో దొడ్డి చెప్పులు వేరే, అవి లోపలే ఉంటాయి. ఇక్కడ లోపల కాలు పెట్టాక చూస్తే చెప్పుల్లేవు, పచ్చటి తడి ఉంది. బయటికొచ్చేసరికి విప్పిన జత కూడా ఎవరో తొడుక్కుపోయారు.

వట్టికాళ్ళతో బస్సు దగ్గరికి వచ్చిన ఆమెకి థామ్ అడ్డం నిలబడింది. జపాన్ ఫ్యాక్టరీలో పనిచేసొచ్చిన మనిషి కాబట్టి ఆ భాషలోనే అరిచింది.

"ఆగక్కా! చెప్పులేవి?"

"దొడ్డి బయట విప్పాను. లోపల వేరే ఉంటాయనుకుని..."

"ఆ దొడ్డి చెప్పులు ఈ బుట్టలోవేనే తల్లీ! వట్టికాళ్ళతో పోయావా? ఛీ ఛీ! మేం పడుకునే చోటు ఇది!"

బస్సంతా చూస్తుండగా థామ్ ఆమె కాళ్ళమీద సీసాడు నీళ్ళు పోసింది. చిజురు తలొంచుకుని తన బెర్తు దగ్గరికి నడిచింది.

ముసలాయన ముక్కు మూసుకుని, తన పాదం చప్పున వెనక్కి లాక్కున్నాడు.