మూడో కారుకీ అదే పొగ

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో షఫీ గ్యారేజీ ముందుకి వచ్చి ఆగేసరికి ఆ నీలం కారు చక్రాల నుంచి పొగ లేస్తోంది. ఒక చక్రం కాదు, నాలుగూ.

"దిగన్నా! ముందు నువ్వు కిందికి దిగు!" అంటూ షఫీ గోడకున్న మంటలార్పే సిలిండర్ ఊడబెరుక్కుని పరుగెత్తుకొచ్చాడు.

విల్సన్ దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అతని భయం పొగ గురించి కాదు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో, నిండు నెలల కడుపుతో కూర్చున్న తన భార్య గురించి. ఫేబా అరవలేదు, లేవలేదు. నెమ్మదిగా బ్యాగులోంచి ఫోన్ తీసింది.

విల్సన్ ఒక్క ఉదుటున కారు దిగాడు. "ఎవరికి ఫోను?"

"జాయ్స్ అక్కకి. సాయంత్రం వచ్చి అమ్మనీ నన్నూ అల్ ఐన్ తీసుకుపొమ్మంటాను. కాన్పు అక్కడే, అక్క పనిచేసే హాస్పిటల్లోనే."

"మరి నేను?"

"మీరు మీ రూబీతో ఉండండి. ఇద్దరే కదా పట్టేది దాంట్లో."

రూబీ అంటే అతని స్పోర్ట్స్ కారు. ఎర్రటిది, రెండు సీట్లది, పైకప్పు తెరుచుకునేది. యాక్సిడెంట్లో నుజ్జయిపోయిన దాన్ని తెచ్చి, షఫీతో కలిసి సెలవురోజులన్నీ ధారపోసి, మళ్ళీ ప్రాణం పోశాడు. బర్ దుబాయ్‌లో అతను మేనేజరుగా ఉన్న బట్టల షాపులో అందరూ అతన్ని రూబీ సార్ అనే పిలుస్తారు. కానీ రూబీలో పసిపిల్ల సీటు పట్టదు. అత్తగారు దయారాణి నరసాపురం నుంచి విజిట్ వీసా మీద వచ్చాక చర్చికి వెళ్ళాలంటే రెండు ట్రిప్పులు వేయాల్సి వస్తోంది. అందుకే ఎవరూ అడక్కముందే విల్సన్ రూబీని అమ్మడానికి మాటిచ్చేశాడు. కొన్నవాడు ఈ సాయంత్రమే వచ్చి తీసుకెళ్తాడు.

ఆ సంగతి చెప్పినా ఫేబా పూర్తిగా నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆమెకి కారణాలున్నాయి. మొదట దేరాలో చూసిన తెల్ల కారు నాలుగడుగులు నడిచి పొగలు కక్కింది. తర్వాత బర్ దుబాయ్‌లో చూసిన ఏడు సీట్ల బండికి ముందు బ్రేకులు పట్టక, పట్టాక పొగొచ్చి, దాని ఓనరుకీ విల్సన్‌కీ పెద్ద గొడవైంది. ఇప్పుడు ఇది మూడోది.

"ఒక కారుకొస్తే కారు పాడైందనుకుంటాం," అంది దయారాణి, కూతురి కుర్చీ వెనకాల నిలబడి. "మూడింటికీ ఒకే పొగా? నేనేం అనను బాబూ. అల్లుడు గారిని అనేదాన్ని కాదు. కానీ ఆ ఎర్రదాన్ని వదలాలంటే మీకు ప్రాణం ఒప్పట్లేదు."

"అనను అంటూనే అనేశారు కదండీ అత్తయ్య గారూ."

"అరే యార్, మేరీ గాడీ మే కభీ ధువా నహీ ఆయా!" నీలం కారు ఓనరు ప్రమోద్ నెత్తి కొట్టుకున్నాడు. మంగుళూరు మనిషి, తెలుగు అంతంతమాత్రం, ఉద్యోగం మారి ఖతార్ వెళ్ళిపోతున్నాడు. "పొగంటే ఏంటో ఎరగని బండి భాయ్ ఇది! నువ్వేం చేశావు దీన్ని? అజ్మాన్‌లో ఇంకో పార్టీ కాచుకుని ఉంది. కావాలో వద్దో ఇప్పుడే చెప్పు, ఖలాస్."

కావాలి. అక్కడే ఉంది అసలు చిక్కు. విల్సన్‌కి ఆ కారు కావాలి.

మొదటి రెండు కార్లనీ అతను రూబీతో పోల్చి చూశాడు. గేరు మారిస్తే రూబీలా లేదని, మలుపు తిప్పితే రూబీలా లేదని లోలోపల ఏడుస్తూనే సరే అన్నాడు. ఈ నీలం బండి వేరు. పొడుగాటి వీపు, వెనక ముగ్గురు కాళ్ళు చాపుకునేంత చోటు, చేత్తో మార్చే గేరు. హైవే ఎక్కి మూడో గేరులోంచి నాలుగులోకి వేసినప్పుడు విల్సన్ నవ్వుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు గుర్తొచ్చింది, దీన్ని రూబీతో పోల్చడమే మర్చిపోయానని. ఆ మరుక్షణమే సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కాడు. పొగ!

"షఫీ, బండి పైకెత్తు," అన్నాడు.

"ఎందుకన్నా, ఇంకొకటి చూద్దాంలే."

"ఎత్తమన్నానా!"

బండి పైకి లేచింది. షఫీ చక్రం ఊడదీసి, బ్రేకు డిస్కు మీద గుడ్డ పెట్టి తుడిచి చూపించాడు. గుడ్డ జిడ్డయింది. "ఆయిలు. అంతా ఆయిలే ఉండాది. బ్రేక్ ఆయిలు లీకు కొడతా ఉందన్నా, వదిలేయ్."

విల్సన్ వదల్లేదు. చక్రం బిగించి బండి దింపించి, బానెట్ తీసి బ్రేక్ ఆయిల్ డబ్బా చూశాడు. నిండుగా ఉంది. లీకైతే అది తగ్గాలి. పైగా నాలుగు చక్రాలకీ ఒకేసారి, ఒకేలా లీకవడం అతనెప్పుడూ వినలేదు.

"లోపల్నుంచి రాలేదు షఫీ. బయటినుంచి ఎవరో పోశారు."

అందరి కళ్ళూ ఒక్కొక్కటిగా విల్సన్ మీదికి తిరిగాయి.

"నన్ను చూస్తారేంటి?"

"ఇంకెవర్ని చూడాలి?" అంది ఫేబా. "మొదటి కారప్పుడు షఫీ లేడు, వాళ్ళ చెల్లెలి పెళ్ళికి నెల్లూరు వెళ్ళాడు. రెండో కారు ఓనరు వేరు, ఇతను వేరు. నేనా, వంగి నా చెప్పులు నేను వేసుకోలేను. ఇక మూడు చోట్లా ఉన్నది ఎవరు?" అని ఆగి, ముక్కు ఎగబీల్చింది. "ఏవండీ, ఇక్కడెవరైనా బజ్జీలు వేస్తున్నారా?"

"బజ్జీలా?"

"ఆ వాసనే. దేరాలో కూడా వచ్చింది. అప్పుడు నాకు ఆకలేసి అలా అనిపించిందనుకున్నా."

విల్సన్ గుడ్డ లాక్కుని వాసన చూశాడు. నిజమే. ఇది ఇంజన్ ఆయిలు కాదు, బ్రేక్ ఆయిలు కాదు. వంటింటి వాసన. దింపిన బండి చుట్టూ తిరిగాడు. తలుపు తీసి లోపలికి వంగాడు. ఎండ ఏటవాలుగా పడుతున్న ముందు అద్దం మీద, ఒక మూల, వేలితో గీసిన జిడ్డు గీతలు రెండు మెరిశాయి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం.

సిలువ గుర్తు.

ఆ గుర్తు అతనికి బాగా తెలుసు. ఫ్లాట్ గుమ్మానికి ఉంది. ఫ్రిజ్‌కి ఉంది. జ్వరమొచ్చిన రోజు అతని నుదుటికే ఉంది. పాస్టరు గారు ప్రార్థన చేసి ఇచ్చిన ఒలీవ నూనె!

ఒక్కసారిగా మూడు సీన్లూ కళ్ళముందు తిరిగాయి. ఈ దేశంలో కారు బేరమంటే ముందు ఓనరుతో కలిసి కడక్ చాయ్ తాగాల్సిందే. మూడుసార్లూ తను ఓనరుతో కెఫ్టేరియాకి నడిచాడు. మూడుసార్లూ ఫేబా నీడ చూసుకుని కూర్చుంది. మూడుసార్లూ ఒకే గొంతు: "మీరెళ్ళి రండి బాబూ, నేను కారు దగ్గరుంటా."

విల్సన్ తల తిప్పాడు. దయారాణి తన చెప్పుల వైపు చూసుకుంటోంది. ఇందాక గలగలా మాట్లాడిన మనిషి, షఫీ గుడ్డ చూపించినప్పట్నుంచి ఒక్క ముక్క మాట్లాడలేదు.

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అంటే చాలు, తన మీది నింద తొలగిపోతుంది. కానీ ఎదురుగా ముక్కూమొహం తెలియని ప్రమోద్. పక్కన షఫీ. కూతురి కాన్పు కోసం సముద్రం దాటి వచ్చిన పెద్దావిడని వీళ్ళ ముందు నిలబెట్టి దోషి అనాలా? అనకపోతే ఫేబా అల్ ఐన్ వెళ్ళిపోతుంది, పుట్టే బిడ్డని తను ఫోన్లో చూసుకోవాలి.

గుడ్డ షఫీ చేతికి తిరిగిచ్చేశాడు.

"నేనే పోశాను," అన్నాడు.

షఫీ నోరు తెరిచాడు. "నువ్వా? వంటనూనెనా? ఛీ ఛీ, రూబీని నీతో కలిసి కట్టానని చెప్పుకోడానికి సిగ్గుగా ఉందబ్బా! చెడగొట్టేదానికైనా ఒక పద్ధతుండాలి గదన్నా!"

"తిట్టింది చాలు. తుడువు. బండిలో ఏ లోపమూ లేదు, అది చూడు."

షఫీ గొణుక్కుంటూనే నాలుగు చక్రాలూ విప్పి, డిస్కుల మీద జిడ్డు వదిలే మందు కొట్టి కడిగి, ప్యాడ్లకి గరుకు కాగితం పట్టించాడు. తర్వాత తనే బండెక్కి వీధి చివరిదాకా వెళ్ళి, గాలిలా వెనక్కొచ్చి, సరిగ్గా గ్యారేజీ గుమ్మంలో ఆపాడు. ముందు కాసింత ఆవిరి, ఆ తర్వాత అదీ లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "అన్నా, నువ్వు తీసుకోకపోతే నేను తీసుకుంటా," అన్నాడు.

"బోలా థా నా! చెప్పానా లేదా!" అని ప్రమోద్ ఎగిరి గంతేశాడు. "యల్లా భాయ్, త్వరగా చెప్పు!"

విల్సన్ భార్య వైపు చూశాడు.

"తీసుకోండి," అంది ఫేబా. "కారు మంచిది. నాకూ నచ్చింది." విల్సన్ ప్రమోద్ చేతిలో చెయ్యి వేసేదాకా ఆగి, మిగతాది అంది. "కారు సంగతి తేలింది. మనిషి సంగతి తేలలేదు. బ్రేకుల్లో నూనె పోసిన మనిషి పక్కన కూర్చుని నేను హాస్పిటల్‌కి వెళ్ళలేనండీ." ఫోన్లో జాయ్స్ పేరు వెతకడం మొదలుపెట్టింది.

"ఆ ఫోను పక్కన పెట్టు అమ్మాయ్!"

అందరూ ఉలిక్కిపడ్డారు. దయారాణి కుర్చీ వెనకనుంచి ముందుకొచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"పోసినవాళ్ళు చెడ్డబుద్ధితో పొయ్యలేదే."

"నువ్వు ఆయన్ని వెనకేసుకురాకమ్మా. ఆయనే ఒప్పుకున్నారు."

"ఒప్పుకుంటే అయిపోయిందా? అబద్ధ సాక్ష్యం పలకకూడదని దేవుడి ఆజ్ఞ లేదూ? ఈయన పలికేశాడు, నా ఎదురుగానే పలికేశాడు, నేను వింటూ ఊరుకున్నా!"

"అత్తయ్య గారూ, వదిలేయండి," అన్నాడు విల్సన్ మెల్లగా.

"మీరాగండి బాబూ." దయారాణి కొంగు నడుముకి దోపింది. "పోసినవాళ్ళు ముందు అద్దానికి రాశారు, సీటుకి రాశారు. అప్పుడు ఆలోచించారు. నిండు చూలాలు ఎక్కే బండికి అన్నిటికన్నా ముఖ్యమైంది ఏంటి? బ్రేకులు! అవి బాగా పట్టాలా వద్దా? అందుకని చక్రాల కంతల్లోంచి, చేత్తో కాదు, సీసాతోనే..."

షఫీ టైరు మీద కూలబడ్డాడు. భుజాలు ఊగిపోతున్నాయి. ప్రమోద్‌కి హిందీలో చెప్పబోయాడు గానీ నవ్వుతో మాట పెగల్లేదు.

ఫేబా ఫోను ఒళ్ళో పడింది. "మూడింటికీనా?"

"మూడూ నచ్చాయి మరి!"

"మరి ఇందాక ఆయన్నెందుకన్నావు?"

"పొగ ఆ నూనె వల్లేనని పోసినవాళ్ళకి తెలిస్తే కదా! ఈ అబ్బాయి గుడ్డ చూపించాకే అర్థమైంది. అప్పట్నుంచీ పాపం, పోసినవాళ్ళకి నోట్లో తడి లేదు."

ఫేబా పెదాలు బిగబట్టింది. నవ్వాపుకోవడానికి కడుపు పట్టుకుని, భర్త వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో అల్ ఐన్ లేదు. విల్సన్‌కి అది చాలు. ఆమె మళ్ళీ తల్లి వైపు తిరిగింది.

"ఇంతకీ ఆ పోసినవాళ్ళకి పేరంటూ ఉందా అమ్మా?"

దయారాణి ఒకసారి షఫీని చూసింది, ఒకసారి ప్రమోద్‌ని చూసింది. ఆఖరున అల్లుడి ఎదుటికి వచ్చి తలెత్తి నిలబడింది.

"ఎందుకు లేదూ? ఉంది. కొల్లాబత్తుల దయారాణి."