వంగమొక్కకు చెప్పిన మాట

తార్నాకలో అచ్యుతరామయ్యగారి రోజు గోనెపట్టాతో మొదలవుతుంది. సాయంత్రం వంగమొక్కల పక్కన తడిపి పరిచిన పట్టాను తెల్లారగానే ఎత్తి చూస్తాడు. చల్లదనానికి చేరిన నత్తలన్నీ దాని కింద ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే ఏరి పాత పెయింటు డబ్బాలో వేసి, మూత బిగించి, మూత మీద ఇటుక పెడతాడు. ఆ తర్వాతే కాఫీ.

ఫిల్టర్లో మిగిలిన కాఫీ పిప్పి కూడా ఆయనదే. మొక్కల చుట్టూ పిప్పి, దాని చుట్టూ బూడిద, బూడిద చుట్టూ సున్నం. కోటకి ప్రాకారాలు కట్టినట్టు కడతాడు. ఒక్క వాన పడితే అన్నీ కొట్టుకుపోతాయి. నత్తలు మగపెళ్ళివారిలా తీరిగ్గా లోపలికొచ్చి భోజనం చేసి వెళతాయి. లాలాగూడ రైల్వే ఆఫీసులో రిటైరైన మనిషి, మర్నాడు మళ్ళీ పిప్పి దగ్గర్నుంచి మొదలుపెడతాడు.

ఉప్పు చల్లితే పీడ విరగడవుతుందని వీధిలో అందరూ చెప్పారు. ఆయన భార్య చిట్టెమ్మగారు ఒప్పుకోలేదు.

"ఉప్పు కూరలోకీ, దిష్టి తీయడానికీనండీ. ప్రాణం తీయడానికి కాదు" అంది.

నోరులేని జీవాలు అని మాత్రం ఆవిడ అనలేదు. నత్తలకి నోరుంది. మనం ఏ మొక్కతో ఏం చెబితే, ఆ మొక్క ఆకు తిన్న నత్త అదే చెబుతుంది. గుల్లను చెవి దగ్గర పెట్టుకుంటే అన్నవాళ్ళ గొంతుతోనే వినిపిస్తుంది. నత్త పోయి గుల్ల మిగిలినా మాట ఏళ్ళ తరబడి ఉంటుంది. నీళ్ళు పోస్తూ అత్తగార్ని తిట్టుకునే కోడళ్ళు కాస్త అటూ ఇటూ చూసుకుని తిట్టుకుంటారు, అంతే. కాకపోతే మన ఇంటి నత్తను మనమే చెవిన పెట్టుకోవడం మర్యాద కాదు. తలుపు చాటున నిలబడి విన్నంత తప్పు.

చంపకూడదు, ఇంట్లో ఉంచకూడదు. అందుకని రోజూ ఆ డబ్బాను కోడలు శ్రీలలిత స్కూటీ మీద పెట్టుకుని, యూనివర్సిటీ హాస్టళ్ళ వెనక తుప్పల్లో ఒంపేసి, అటునుంచి నల్లకుంటలో తను పాఠాలు చెప్పే స్కూలుకి వెళుతుంది.

ఆ యూనివర్సిటీలోనే ఆమెకి పీహెచ్‌డీ సీటు వచ్చింది. చరిత్ర శాఖలో. రెండుసార్లు తప్పి మూడోసారి వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా చేరకపోతే వెనకున్నవాళ్ళకి ఇచ్చేస్తారు. గురువారం రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెప్పింది. అచ్యుతరామయ్యగారు మజ్జిగ అన్నం సగంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, నీళ్ళచెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"మావయ్యగారికి ఇష్టం లేదు కదూ?" అని భర్తని అడిగింది.

వెంకటకృష్ణ నిట్టూర్చాడు. "నాకు ఫైన్ ఆర్ట్స్‌లో సీటొచ్చిందని చెప్పినప్పుడూ ఇలాగే లేచి వెళ్ళిపోయారు. వద్దని నోటితో అనరు. మర్నాడు నేనే వెళ్ళి బీకామ్‌లో చేరాను. నువ్వు మాత్రం నాలా చెయ్యకు లలితా."

అలా చెప్పాడు గానీ, అతని గొంతులో ధైర్యం లేదు. బ్యాంకులో పనిచేసే అతను ఇప్పటికీ పాడైపోయిన చలాన్ల వెనక బొమ్మలు గీస్తుంటాడు. శ్రీలలితకి అవే కళ్ళముందు మెదిలాయి. ఇంటి పెద్దాయన మొహం తిప్పుకుంటే ఆ ఇంట్లో కూర్చుని ఏళ్ళ తరబడి ఎలా చదవడం? స్కూలుకి సెలవు పెట్టి, డిపార్ట్‌మెంటుకి వెళ్ళి సీటు వద్దని చెప్పేద్దామని నిశ్చయించుకుంది. ఏడుపు ఆపుకుంటూ, శుక్రవారం పొద్దున్న ఎప్పటిలాగే నత్తల డబ్బా తీసుకుని బయల్దేరింది.

తుప్పల దగ్గర డబ్బా మూత తీస్తుంటే వెనకనుంచి గట్టిగా ఒక గొంతు వినబడింది.

"ఏమ్మా, నా చిక్కుడుపాదు తినేసే నత్తలు యాడినుంచి వస్తాండాయా అనుకుంటాంటి. నువ్వేనా తెచ్చి పోస్తాండేది?"

క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండే నాగమణి ఆవిడ. కడప మనిషి. చంకలో మూత పెట్టిన బుట్ట ఉంది.

"క్షమించండి. ఇంతకీ మీ బుట్టలో ఏవిటండీ?"

నాగమణి ఒక్క క్షణం తడబడింది. "నత్తలే. తార్నాక పక్క వదిలేదానికి పోతాండా. అట్లని మా నత్తలే మీ ఇంటికి వస్తాండాయంటే నేనొప్పుకోను. ఉండు, ఇవి ఎవురింటివో విందాం."

డబ్బాలోంచి పెద్ద నత్తను తీసి చెవికి ఆనించుకుంది. జగడానికి బిగించిన ఆవిడ మొహం మెల్లగా సడలింది.

"ఎవురో పెద్దాయన. శ్రీలలిత అంటే ఎవురు?"

"నేనే."

"అయితే ఇది నీకే. మర్యాదలు మళ్ళీ చూసుకుందాం గానీ, విను."

శ్రీలలిత భయపడుతూనే చెవి దగ్గర పెట్టుకుంది. మావయ్యగారి గొంతే.

"విన్నావుటే, మా శ్రీలలితకి సీటొచ్చింది. మూడోసారి! పట్టు విడవలేదు చూడు. మా వంశంలో అంత చదువు చదివినవాళ్ళు లేరు. అన్నం దగ్గర చెప్పేసరికి కళ్ళనీళ్ళు వచ్చేశాయి, చటుక్కున లేచొచ్చాను. సొంతవాళ్ళని ఎదురుగా పొగడకూడదే, ఆయుక్షీణం. మా నాన్న నలుగురిలో మా అన్నయ్యని మెచ్చుకున్నాడు. నెల తిరక్కుండా అన్నయ్య పోయాడు. నీకైతే ఏం కాదులే. నువ్వు వినుకో."

ఆ తర్వాత మొక్కకి నీళ్ళు పోసిన చప్పుడు.

పిప్పి, బూడిద, సున్నం, మూత మీద ఇటుక, అన్నీ వంకాయల కోసమే అనుకుందామె ఇన్నాళ్ళూ. ఆ పిచ్చి మనిషి కాపాడుకుంటున్నది వంకాయల్ని కాదు, వాటికి చెప్పుకున్న మాటల్ని. శ్రీలలిత రోడ్డు మీద నిలబడే ఏడ్చేసింది. పట్టరాని సంతోషం వేసింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"ఏడుస్తా నిలబడితే ఆఫీసు మూసేస్తారు. పో తల్లీ" అంది నాగమణి. "మిగతా నత్తల్ని నేను చూసుకుంటాలే."

ఏం చూసుకుందో తార్నాక వాళ్ళకి తర్వాత తెలిసింది. శ్రీలలిత మాత్రం ఆ ఒక్క నత్తను ఖాళీ చేసిన టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, డిపార్ట్‌మెంటుకి వెళ్ళి, వద్దని చెప్పడానికి వెళ్ళిన చోటే చేరానని సంతకం పెట్టింది.

సాయంత్రం బ్యాంకునుంచి వచ్చిన వెంకటకృష్ణ అరచేతిలో ఆ నత్తను పెట్టింది. "మర్యాద కాదని నాకూ తెలుసు. వినండి."

అతను విన్నాడు. మళ్ళీ విన్నాడు. నత్తను ఆమె చేతికిచ్చి, బూట్లయినా విప్పకుండా పెరట్లోకి వెళ్ళి, కరివేపాకు చెట్టు కింద ఎన్నేళ్ళుగానో పడి ఉన్న ఖాళీ గుల్లల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని, విని, పక్కన పెడుతున్నాడు.

తడిపిన గోనెపట్టాతో వచ్చిన అచ్యుతరామయ్యగారు అక్కడే ఆగిపోయాడు.

"ఏం వెతుకుతున్నావురా?"

"ఫైన్ ఆర్ట్స్ సంగతి, నాన్నా. అప్పుడు మీరు మొక్కతో ఏం చెప్పారోనని."

పెద్దాయన చేతిలో పట్టాలోంచి నీళ్ళు కాళ్ళ మీద కారుతున్నాయి. వెనకే గుమ్మంలో నిలబడిన కోడల్ని చూశాడు. ఆమె చేతిలో నత్తను చూశాడు. అంతా అర్థమైంది.

"వెతక్కురా, దొరకదు" అన్నాడు. "బీరపాదుతో చెప్పాను. ఆ ఏడు వానల్లేవు, నత్తలూ రాలేదు. పాదు ఎండిపోయింది."

వెంకటకృష్ణ ఇంకో గుల్ల చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే చెప్తాను" అని మెట్టు మీద చతికిలబడ్డాడు ఆయన. "నువ్వేసిన మీ అమ్మ బొమ్మ నా పెట్టెలో ఉంది. ప్రాణమున్నట్టుంటుంది. నువ్వే వెళ్ళి బీకామ్‌లో చేరొస్తే, నీకే ఇష్టం లేదేమోననుకున్నాను. నువ్వు బాగా వేస్తావురా. చాలా బాగా వేస్తావు. నువ్వూ అంతేనమ్మా లలితా, నీలాంటి..."

అంతలోనే భయంతో నోరు మూసుకున్నాడు. వెంకటకృష్ణ గుల్ల చేతిలో పట్టుకునే, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

వంటింటి తలుపు చప్పుడైంది. చిట్టెమ్మగారు గుప్పిట్లో ఉప్పుతో రానే వచ్చింది. కొడుకునీ కోడల్నీ తూర్పుముఖంగా నిలబెట్టి, ఇరుగుదిష్టి పొరుగుదిష్టి అంటూ తల చుట్టూ తిప్పి, మొగుడి వైపు తిరిగింది.

"ఇంకా ఏవైనా ఉంటే ఇప్పుడే అనెయ్యండి" అంది. "డబ్బా నిండా ఉప్పుంది."